మన ఊరి ప్రైవేటు ఎఫ్ఎం చరిత్ర ఎవరి దగ్గరైనా ఉందా?

ఉక్కునగరం_శ్రోత
మా అమ్మాయి జర్నలిజం చదువుతోంది. ఈ సెమిస్టరులో తన ఊళ్ళోని ఏదో ఒక పత్రికో, ఛానెలో, రేడియోనో తీసుకుని దాని చరిత్ర రాయమన్నారు. విశాఖలో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం గురించి రాయమని నేనే చెప్పాను. సన్ గ్రూప్ వాళ్ళు పెట్టిన విశాఖ ఎఫ్ఎం. తర్వాత ఎస్ ఎఫ్ఎం అయింది, ఆ తర్వాత రెడ్ ఎఫ్ఎం అయింది. షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటూ నేను రోజూ విన్న స్టేషన్. వివరాలు సులువుగా దొరుకుతాయనుకున్నాను.

పది రోజులైంది. మొదటి పాట ఏది, మొదటి రోజు మైకు ముందు ఎవరు కూర్చున్నారు, ఆఫీసు మొదట ఎక్కడ ఉండేది, ఏదీ దొరకలేదు. పేరు మారిందన్న ముక్క తప్ప ఎవరూ ఏమీ రాయలేదు. ఆకాశవాణి విజయవాడ 1948 డిసెంబర్ 1న మొదలైందని ఎవరిని అడిగినా చెబుతారు. నిన్న మొన్నటి స్టేషన్ గురించి మాత్రం ఒక్క పేజీ లేదు. నిజంగా బాధగా ఉంది. మీలో ఎవరి దగ్గరైనా క్యాసెట్టో, ఫొటోనో, పేపర్ కటింగో ఉంటే చెప్పండి.

బెజవాడ_సూరి
ఒక్క విశాఖకే కాదండీ, ఏ ఊరి స్టేషన్‌కీ లేదు. మా దగ్గర మిర్చి, ఎస్ ఎఫ్ఎం వచ్చిన కొత్తలో బీసెంట్ రోడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే ఒక పాట మొత్తం వినొచ్చు, షాపు మారినా పాట తెగేది కాదు. అవి ఏ నెలలో వచ్చాయో చెప్పమంటే ఇప్పుడు నాకే గుర్తులేదు.

చార్మినార్_91
మరీ ఏమీ లేదనడం కరెక్టు కాదు. మొదటి ప్రైవేటు ఎఫ్ఎం మిర్చి అని, 2001లో ఇండోర్‌లో మొదలైందని అందరికీ తెలుసు కదా.

యాంటెన్నా_మాస్టారు
అందరికీ తెలిసింది తప్పు బాబూ. మొదటిది బెంగళూరులో రేడియో సిటీ, 2001 జులై 3. మిర్చి ఇండోర్‌లో మొదలైంది అదే ఏడాది అక్టోబర్‌లో. ఇలాంటివి గట్టిగా పట్టుకోకపోతే ఇంకో పదేళ్ళకు ఇండోరే నిజమైపోతుంది.

అమ్మాయికి పనికొస్తుందని వరుసగా రాస్తున్నాను. మన దేశంలో ఎఫ్ఎం ప్రసారం 1977లోనే మద్రాసులో మొదలైంది, అది ఆకాశవాణిదే. 1993లో ఢిల్లీ, బొంబాయి లాంటి చోట్ల ఆకాశవాణి తన ఎఫ్ఎంలో కొన్ని గంటలు ప్రైవేటు వాళ్ళకు అద్దెకిచ్చింది. ట్రాన్స్‌మిటర్ ప్రభుత్వానిది, గొంతు ప్రైవేటుది. ఆ ఏర్పాటు 1998లో ఆగిపోయింది. మధ్యలో 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. క్రికెట్ ప్రసారాల గొడవ మీద వచ్చిన తీర్పు అది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదు అని తేల్చింది. ఆ బెంచిలో మన తెలుగువారు జస్టిస్ జీవన్‌రెడ్డి గారు ఉన్నారు. ఆయన విడిగా రాసిన తీర్పు అమ్మాయి చేత తప్పకుండా చదివించండి.

ఆ తర్వాత లైసెన్సుల వేలం. 40 నగరాల్లో 108 స్టేషన్లు పెట్టాలనుకున్నారు. చివరికి మోగింది 12 నగరాల్లో. ఆ 12లో తెలుగు ఊరు ఒక్కటే, విశాఖపట్నం.

చార్మినార్_91
ఒప్పుకుంటున్నా మాస్టారూ, ఇండోర్ అని ఎక్కడో చదివాను. కానీ హైదరాబాద్‌ను వదిలేసి విశాఖకు ముందు రావడం ఏంటి? నమ్మబుద్ధి కావట్లేదు.

గాజువాక_లక్ష్మి
ఎందుకు నమ్మబుద్ధి కాదండీ. మాకేదైనా మీకంటే ముందు రాకూడదా?

యాంటెన్నా_మాస్టారు
ఫీజు వల్ల. మొదటి విడతలో లైసెన్సు పదేళ్ళకు. వేలంలో పాడిన మొత్తాన్ని ఏటా కట్టాలి, అదీ ప్రతి ఏడాదీ 15 శాతం పెరుగుతూ. ప్రకటనలు వచ్చినా రాకపోయినా కట్టి తీరాలి. వేలం ఊపులో పెద్ద మొత్తాలు పాడినవాళ్ళు చాలామంది తర్వాత లెక్క వేసుకుని వెనక్కి తగ్గారు. హైదరాబాద్ 2006 వరకు ఆగాల్సి వచ్చింది. 2005లో పద్ధతి మార్చారు. ముందు ఒకసారి ప్రవేశ రుసుం, ఆ తర్వాత రాబడిలో 4 శాతం. అప్పుడుగానీ హైదరాబాద్‌లో రేడియో సిటీ, మిర్చి, బిగ్, ఎస్ ఎఫ్ఎం ఒకదాని వెనక ఒకటి రాలేదు.

91.1, 92.7, 93.5 అని అంకెలు ఎందుకలా ఉంటాయో చూశారా? ఒక ఊళ్ళో రెండు స్టేషన్ల మధ్య కనీసం 800 కిలోహెర్ట్జ్, అంటే 0.8 మెగాహెర్ట్జ్ ఎడం ఉండాలని మన దగ్గర నియమం. 91.1కి 0.8 కలిపితే 91.9, ఇంకో 0.8 కలిపితే 92.7, ఇంకోటి కలిపితే 93.5. నిచ్చెన మెట్లలా ఉంటాయి. ఇంకో మాట, స్టేషన్లు ఎన్ని ఉన్నా ఎవరి టవర్ వాళ్ళు కట్టుకోరు. అందరి సిగ్నళ్ళనూ కలిపి ఒకే టవర్ నుంచి పంపుతారు. బయట పోటీ పడే వాళ్ళంతా అక్కడ ఒకే గదిలో పక్కపక్కన ఉంటారు.

ఉక్కునగరం_శ్రోత
మాస్టారూ, ప్రింట్ తీసి అమ్మాయికి ఇచ్చాను. వేలం సంగతి బాగా వచ్చింది. కానీ మా స్టేషన్ గొంతు ఇందులో లేదు కదండీ. లైసెన్సు ఎవరికొచ్చిందో ప్రభుత్వ కాగితాల్లో ఉంటుంది. పొద్దున్న ఏడింటికి ఎవరు ఏం మాట్లాడేవారో ఎక్కడుంటుంది?

కన్సోల్_కుర్చీ
ఎక్కడా ఉండదు సర్. నేను ఆరేళ్ళు ఒక స్టేషన్‌లో ఆర్జేగా చేశాను, ఏ స్టేషనో చెప్పను. ఎందుకు ఉండదో మాత్రం చెబుతాను.

స్టూడియో వెనక ర్యాక్ గదిలో ఓ మూల లాగర్ అని ఒక కంప్యూటర్ ఉండేది. మేం మాట్లాడినదంతా గాల్లోకి వెళ్ళాక రేడియోలో ఎలా వినిపిస్తుందో అలాగే, గంటకో ఫైలుగా రికార్డు చేస్తూ ఉండేది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రభుత్వానికి చూపించడానికి అది. ప్రసారమైన దాన్ని మూడు నెలలు దాచాలని పర్మిషన్ షరతుల్లో ఉంది. మూడు నెలలు దాచాలన్నారంటే మూడు నెలలే దాచుతారు. 91వ రోజున పాత ఫైలు మీద కొత్త ఫైలు పడిపోతుంది. హార్డ్ డిస్క్ ఖాళీ కావాలి కదా.

నా మొదటి షో అలాగే పోయింది. మా అమ్మ ఊళ్ళో నుంచి ఫోన్ చేసి వినిపించమంటే అప్పటికి నాలుగు నెలలైంది. ఇంజినీరు గారు పాపం డిస్క్ అంతా వెతికారు. ఆ తేదీన వేరే నెల కూర్చుని ఉంది.

గాజువాక_లక్ష్మి
చదువుతుంటే కడుపులో ఎలాగో అయిపోయింది మేడమ్. మీరు అంతసేపు మాట్లాడినదంతా పోయినట్టేనా?

కన్సోల్_కుర్చీ
ఆరేళ్ళలో నా దగ్గర మిగిలింది 11 నిమిషాలు. సీడీలో కాపీ చేసుకున్నది. అందులో సగం ప్రకటనలే.

పది_సెకన్లు
ఆ సగం ప్రకటనలు తెచ్చింది మా లాంటివాళ్ళమేనండీ. నేను వేరే ఊళ్ళో, వేరే స్టేషన్‌లో సేల్స్ చేశాను. చరిత్ర రాసేటప్పుడు మా వైపు కూడా రాయండి. రేడియోలో సరుకు సమయమే. పది సెకన్ల లెక్కన అమ్ముతాం. చీరల షాపు, నగల షాపు, కోచింగ్ సెంటర్, రియల్ ఎస్టేట్, ఈ నలుగురే మా ఊళ్ళో స్టేషన్‌ను నడిపారు. ఆషాఢం సేల్ నెలలో మా ఆఫీసులో ఎవరికీ సెలవు ఉండేది కాదు. పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు కోచింగ్ సెంటర్ల వాళ్ళు స్పాట్లు, అంటే ప్రకటనల సమయం, బుక్ చేసుకుంటే గంటలో పాటకు చోటు వెతుక్కోవాల్సి వచ్చేది.

ఒక చిన్న హోటల్ ఓనరు మొదటిసారి స్పాట్ కొన్నారు. తన స్పాట్ పడే టైముకు గల్లా దగ్గర రేడియో పెట్టుకుని, చేతిలో గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. స్పాట్ వచ్చింది. తన హోటల్ పేరు వినగానే టేబుళ్ళ మధ్యకు వచ్చి అందరి వంకా చూశారు. ఆ ముఖం నేను మర్చిపోలేను. టీవీలో ప్రకటన ఇవ్వలేని మనిషి ఆయన. మేం ఆయన స్థాయికి దిగి వచ్చిన మొదటి మాధ్యమం.

చార్మినార్_91
సెంటిమెంటు బాగుంది కానీ, తెలుగును పాడు చేసింది కూడా ప్రైవేటు ఎఫ్ఎంలే. ఆకాశవాణిలో ఒక్క ఒత్తు తప్పు పోయేది కాదు. వీళ్ళొచ్చి ప్రతి మాటకూ ముందు 'సో', వెనక 'యార్' తగిలించారు. మా నాన్న రేడియో కట్టేసేవారు.

బెజవాడ_సూరి
మీ నాన్నగారి మాట కాదనను, మా ఇంట్లోనూ అదే గొడవ. ఇంకోటి కూడా చెప్పండి. ఆకాశవాణిలో మన పక్కింటి వాళ్ళలా మాట్లాడిన గొంతు ఎన్నిసార్లు విన్నారు? నాటకాల్లో పనిమనిషి పాత్రకు తప్ప యాస ఉండేది కాదు.

గాజువాక_లక్ష్మి
సూరి గారూ, నా మాట మీరు చెప్పేశారు. 'ఏటి, అన్నం తిన్నావేటి?' అని రేడియోలో ఒకాయన అడిగితే మా నాయనమ్మ నిజంగా 'ఇప్పుడే తిన్నాన్రా నాయనా' అని జవాబు చెప్పింది. సినిమాల్లో మా మాటంటే నవ్వడానికే పెట్టేవాళ్ళు. రేడియోలో అది మామూలు మాటలా వినిపించడం మాకు ఎంత పెద్ద సంగతో హైదరాబాద్ వాళ్ళకు తెలియదు.

చార్మినార్_91
హైదరాబాద్ వాళ్ళకు తెలియదా? మా తెలంగాణ మాటను కూడా సినిమాల్లో ఏళ్ళ తరబడి అట్లనే వాడుకున్నరు అక్కా. సరే, ఈ ఒక్క విషయంలో మీ వైపే నేను. 'సో' మీద మాత్రం నా కోపం పోదు.

కన్సోల్_కుర్చీ
'సో' ఎందుకు వస్తుందో చెప్పనా? పాట చివరి నాలుగు సెకన్లలో మైకు ఫేడర్, అంటే శబ్దం పెంచే మీట, ఎత్తుతాం. పాట ముగిసే చోటుకూ మాట మొదలయ్యే చోటుకూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఆ ఖాళీ నింపడానికి నోటికి ఏదో ఒకటి అలవాటవుతుంది. ఒకరికి 'సో', ఇంకొకరికి 'మరి'. నాది 'అదన్నమాట'. పాటకూ పాటకూ మధ్య మేం మాట్లాడే దాన్ని లింక్ అంటాం. ఒక్కో లింక్ నిమిషం లోపే. ఆ నిమిషం కోసం ముందు రోజు సాయంత్రం నుంచి కాగితాలు నింపేవాళ్ళం. వినేవాళ్ళకు అప్పటికప్పుడు అన్నట్టు ఉండాలి. కోపం తెచ్చుకోండి, పర్లేదు. మాకు తెలుగు మీద ప్రేమ లేదని మాత్రం అనకండి.

ఇందూరు_శ్రీను
మీరంతా మా ఊరి స్టేషన్, మీ ఊరి స్టేషన్ అని కొట్లాడుకుంటున్నరు. నిజామాబాద్‌లో మాకు ప్రైవేటు ఎఫ్ఎం అసలే లేదు. ఆకాశవాణి ఒక్కటే దిక్కు. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ 234 కొత్త పట్టణాలకు 730 ఛానెళ్ళ వేలానికి ఒప్పుకుంది. తెలంగాణల 10 పట్టణాలు, అండ్ల మా ఊరు కూడా ఉంది. చిన్నప్పటి నుంచి ఎదురుచూస్తున్నా.

హైవే_ఇమ్రాన్
ఆ లిస్టులో సూర్యాపేట కూడా ఉందని విన్నాను భాయ్. వస్తే నాకు పండగే. హైదరాబాద్, విజయవాడ మధ్య 14 ఏళ్ళుగా బండి నడుపుతున్నా. చౌటుప్పల్ దాటాక హైదరాబాద్ స్టేషన్లు గరగరమంటాయి. కాసేపటికి ఒక స్టేషన్ మీద ఇంకో స్టేషన్ నీడలా వస్తుంది. ఆ తర్వాత అంతా ఖాళీ. సూర్యాపేట, కోదాడ వరకు పెన్‌డ్రైవ్ పాటలే. బెజవాడ దగ్గరపడుతుంటే మళ్ళీ మనిషి గొంతు వినిపిస్తుంది. రాత్రి మూడింటికి ఆ గొంతు వినగానే నిద్రమత్తు వదిలిపోతుంది నాకు. రికార్డింగ్ అని తెలిసినా సరే.

బెజవాడ_సూరి
రాత్రి మూడింటికి రికార్డింగ్ సరే, ఇప్పుడు పగలు కూడా అంతే కదా. పొద్దున షోలో ఆర్జే వాన గురించి మాట్లాడుతుంటే కిటికీలో చూశాను, ఎండ కాస్తోంది. వేరే ఊళ్ళో మాట్లాడింది మాకు వేసేస్తున్నారు.

పది_సెకన్లు
సూరి గారు పట్టుకున్నదే అసలు కథ. రెండో విడతలో, అంటే మాస్టారు చెప్పిన 2005 పద్ధతిలో, పెద్ద ఊళ్ళ స్టేషన్లు తమ కార్యక్రమాన్ని ఇంకో ఊరికి పంపకూడదు. చిన్న ఊళ్ళకు మాత్రమే, అదీ ఒకే ప్రాంతంలో అయితేనే కుదిరేది. కాబట్టి ఏ ఊరికి ఆ ఊళ్ళో మనుషుల్ని పెట్టుకోక తప్పేది కాదు. మూడో విడత విధానం 2011లో వచ్చింది. తమ నెట్‌వర్క్‌లో ఒక స్టేషన్ కార్యక్రమం ఇంకో స్టేషన్‌కు ఇవ్వొచ్చు అన్నారు. 15 ఏళ్ళ లైసెన్సు, వేలం 2015లో జరిగింది. అప్పటి నుంచి లెక్కలు చూసే మనిషికి ఒక ప్రశ్న తడుతుంది. నాలుగు ఊళ్ళకు నలుగురు ఎందుకు, ఒక్కరు చాలరా? ఆ ప్రశ్నకు జవాబుగా నా స్నేహితుల్లో ముగ్గురి ఉద్యోగాలు పోయాయి.

కంపెనీల్నే అనడం కూడా న్యాయం కాదు. పాటలకు కట్టే డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు. మొదట్లో పాట మోగిన గంటకు ఇంత అని మ్యూజిక్ కంపెనీలకు కట్టాలి. అర్ధరాత్రి ఒక్క ప్రకటనా లేని గంటకు కూడా. చిన్న ఊరి స్టేషన్‌కు అది ప్రాణం మీదికి వచ్చేది. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు ప్రకటనల నికర రాబడిలో 2 శాతం కడితే చాలంది. ఆ రోజు మా మేనేజర్ అందరికీ స్వీట్లు పంచారు. ఆ 2 శాతం తీర్పు రాకపోయి ఉంటే చిన్న ఊళ్ళలో సగం స్టేషన్లు మిగిలేవి కావని నా నమ్మకం.

బెజవాడ_సూరి
డబ్బు సంగతి అర్థమైంది. మరి అవే పాటలు తిప్పి తిప్పి వేయడం దేనికి? పొద్దున బస్సులో విన్న పాట సాయంత్రం బస్సులో మళ్ళీ.

కన్సోల్_కుర్చీ
పాట ఎంచేది ఆర్జే కాదండీ. సాఫ్ట్‌వేర్ ముందు రోజే గంటగంటకూ జాబితా కట్టేస్తుంది. కొత్త పాటకు రోజులో ఎన్నిసార్లు, పాత పాటకు వారంలో ఎన్నిసార్లు అన్నది మ్యూజిక్ మేనేజర్ పెట్టిన లెక్క. మనిషి ఒక్క విడతలో రేడియో వినేది కాసేపే. ఆ కాసేపట్లో తెలిసిన పాట తగలకపోతే స్టేషన్ మార్చేస్తాడని వాళ్ళ భయం. నాకు ఎదురుగా స్క్రీన్ మీద కనిపించే జాబితాలో ఒక్క పాట మార్చాలంటే పర్మిషన్ కావాలి. ఒకసారి ఒక పెద్దాయన చనిపోయిన రోజు ఆయన పాట వేస్తానని అడిగితే ఒప్పుకోవడానికి గంటన్నర పట్టింది. నా షో అప్పటికే అయిపోయింది. ఇప్పటికీ మింగుడు పడదు నాకు.

జహీరాబాద్_జొన్న
మా దగ్గర పాటకు పర్మిషన్ అడగాల్సిన పని లేదు, పాడేది మా ఆడవాళ్ళే. మాచ్‌నూర్‌లో సంఘం రేడియో ఉంది, 2008 అక్టోబర్ 15న మొదలైంది. దళిత మహిళలే మాట్లాడతారు, వాళ్ళే రికార్డు చేస్తారు. విత్తనాల ముచ్చట్లు, బతుకమ్మ పాటలు, మా మాటలోనే.

పది_సెకన్లు
సంఘం రేడియో అంటే నాకూ గౌరవమే. కానీ అది కమ్యూనిటీ రేడియో. 100 వాట్ల మీద నడిచేది, లాభం చూసుకునేది కాదు. ఇక్కడ మాట్లాడుతున్నది వ్యాపార స్టేషన్ గురించి. రెండింటినీ ఒకే తూకంలో పెట్టొద్దు.

జహీరాబాద్_జొన్న
తూకం నేను పెట్టలేదు అన్నా. ఊరి గొంతు ఎక్కడ అని సూరి అన్న వెతుకుతుంటే ఉన్న చోటు చెప్పాను.

తిరుపతి_కొండదారి
వార్తల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఊరి రేడియోకు ఊరి వార్త చెప్పే హక్కు లేకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద అన్యాయం అనిపిస్తుంది. పేపర్ చెప్పొచ్చు, టీవీ చెప్పొచ్చు, ప్రైవేటు ఎఫ్ఎం చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చని 2011 విధానంలో అన్నారు, అది అమలు మొదలైంది 2019 జనవరిలో. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, కరెంటు కోత, నీళ్ళ సరఫరా చెప్పుకోవచ్చట. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పొచ్చు, ఎందుకు పోయిందో చెప్పకూడదు.

కన్సోల్_కుర్చీ
మా ఊళ్ళో ఒక వంతెన మీద పెద్ద ప్రమాదం జరిగిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఏం చెప్పాలో తెలియక 'వంతెన వైపు వెళ్ళకండి, ట్రాఫిక్ చాలా ఎక్కువగా ఉంది' అని ప్రతి పది నిమిషాలకూ చెప్పాను. అంతవరకే చెప్పగలిగేది. విన్నవాళ్ళు అర్థం చేసుకున్నారు.

పాత_క్యాసెట్_పిచ్చి
మూడు రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడే అటక దిగాను. ఉక్కునగరం గారూ, నేను మధురవాడలో ఉంటాను. కాలేజీ రోజుల్లో టూ ఇన్ వన్‌లో రేడియో పాటలు రికార్డు చేసుకునే పిచ్చి ఉండేది నాకు. ప్లే, రికార్డు రెండు బటన్లూ కలిపి నొక్కి, ఆర్జే మాట్లాడగానే పాజ్ నొక్కేవాణ్ణి. పాట మధ్యలో గొంతు రాకూడదని. ఇప్పుడు మీరు అడుగుతున్నది ఆ గొంతే! కానీ ఒకటి రెండు చోట్ల పాజ్ ఆలస్యంగా పడి ఉంటుంది కదా.

అట్టపెట్టెలో 23 క్యాసెట్లు దొరికాయి. నాలుగింటి మీద నా చేతిరాతతో 'ఎఫ్ఎం' అని ఉంది. తేదీ వేసుకోలేదు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తోంది. ఇప్పుడే వేసేయనా?

యాంటెన్నా_మాస్టారు
వేయకండి! బూజు ఉన్న టేపును డెక్‌లో పెడితే హెడ్‌కు అంటుకుని టేపు చిరుగుతుంది. ముందు నీడన గాలి తగిలే చోట రెండు రోజులు ఉంచండి. తర్వాత పెన్సిల్‌తో మెల్లగా కొంచెం తిప్పి చూడండి, టేపు పొరలు అతుక్కుని ఉంటే బలవంతం చేయొద్దు. క్యాసెట్ మధ్యలో టేపును హెడ్‌కు నొక్కే చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, అది ఊడిపోయి ఉంటే గొంతు గుహలోంచి వచ్చినట్టు వస్తుంది. పాత క్యాసెట్ ఒకటి విప్పి దాని స్పాంజి ఇందులో వేసుకోవచ్చు. డెక్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఒక్కసారే వేయండి, ఆ ఒక్కసారి కంప్యూటర్‌కు పెట్టి పూర్తి సైజు ఫైలుగా రికార్డు చేయండి. ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు.

ఉక్కునగరం_శ్రోత
మాస్టారు చెప్పినట్టే చేయండి సర్, తొందరేం లేదు. ప్రాజెక్టు ఆలస్యమైనా పర్లేదంటోంది మా అమ్మాయి. మీ పోస్టు చదివి అది గెంతింది.

పాత_క్యాసెట్_పిచ్చి
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. రెండు క్యాసెట్లు పోయాయి, టేపు అతుక్కుపోయింది. ఒకదాంట్లో పాటలు తప్ప ఏమీ లేదు, పాజ్ అంత బాగా నొక్కాను. నాలుగోదాని బి సైడులో దొరికింది. మొత్తం 2 నిమిషాల 40 సెకన్లు.

పాట అయిపోగానే ఒకమ్మాయి గొంతు. 'ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర గొడుగు లేకుండా నిలబడ్డవాళ్ళందరికీ ఈ పాట' అంటుంది. వెనక ఎవరో నవ్వారు, స్టూడియోలోనే. ఆ తర్వాత ఒక చీరల షాపు ప్రకటన, షాపు ఇప్పుడు లేదు. ఆ తర్వాత ఒక కాలర్. సీతమ్మధార నుంచి అని చెప్పి పేరు చెప్పబోతుండగా నేను పాజ్ నొక్కేశాను. మళ్ళీ మొదలయ్యేసరికి పాట నడుస్తోంది. ఆ అమ్మాయి తన పేరు చెప్పిందేమో తెలియదు. నాకు ఏడుపొచ్చింది.

గాజువాక_లక్ష్మి
గొడుగు మాట నాకు గుర్తుంది! ఆవిడ వాన పడితే చాలు కాంప్లెక్స్ పేరు ఎత్తేది. సాయంత్రం షో. పేరు నాలుక చివర ఉంది, రావడం లేదు. మా అక్కను అడుగుతాను, దానికి ఫోన్‌లో డెడికేషన్లు చెప్పే అలవాటు ఉండేది.

యాంటెన్నా_మాస్టారు
షాపు ప్రకటనలో ఫోన్ నంబరు చెప్పారా? ఎన్ని అంకెలు?

పాత_క్యాసెట్_పిచ్చి
చెప్పారు మాస్టారూ. ఏడు అంకెలు, మొదటి అంకె 2.

యాంటెన్నా_మాస్టారు
అయితే ల్యాండ్‌లైన్లకు ముందు 2 చేర్చిన తర్వాతిది. అది చేర్చిన తేదీ టెలిఫోన్ డైరెక్టరీలో దొరుకుతుంది. ఇంకో వైపు నుంచి, ఆ షాపు ఎప్పుడు మూసేశారో పూర్ణా మార్కెట్ వైపు అడిగితే చెప్పేవాళ్ళుంటారు. ఇక ముందు, వెనక వేసిన పాటల్లో కొత్త సినిమా పాట ఏదైనా ఉంటే ఆ సినిమా విడుదల తేదీ ఉండనే ఉంది. ఈ మూడూ కలిస్తే ఏ ఏడాదో తేలుతుంది, ఏ వానాకాలమో కూడా తేలొచ్చు.

కన్సోల్_కుర్చీ
వెనక నవ్వింది ప్రొడ్యూసర్ అయి ఉంటారు. లింక్ నడుస్తుండగా అద్దం అవతల ఉండాల్సిన మనిషి లోపలికి వచ్చి కూర్చునేవారు మా దగ్గర కూడా. ఆ నవ్వు తీసేయకండి, శబ్దం శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త. నా 11 నిమిషాల సీడీ కూడా పంపుతాను. వేరే ఊరిదే, అయినా అమ్మాయి దగ్గర ఉంటే మంచిది.

హైవే_ఇమ్రాన్
విజయవాడ నుంచి విశాఖకు ఎవరైనా ఏదైనా పంపాలంటే చెప్పండి, వచ్చే వారం ట్రిప్ ఉంది. క్యాసెట్లు కొరియర్‌లో వేయకండి, ఎండకు పాడైపోతాయి. నా సీటు పక్కన పెట్టుకుని తెస్తాను.

బెజవాడ_సూరి
భాయ్, మా మామయ్య ఇంట్లో ఒక సంచీ ఉంది. ఏముందో చూడలేదు. రేపు వెళ్ళి తెస్తాను.

గాజువాక_లక్ష్మి
అక్క ఫోన్ ఎత్తింది. పేరు దానికీ గుర్తు రాలేదు. కానీ సీతమ్మధార కాలర్ ఎవరో తెలుసంది. దాని క్లాస్‌మేటే, ఇప్పుడు పెందుర్తిలో ఉంటుందట. నంబరు తీసుకున్నాను. పేరు ఇక్కడ రాయను, ముందు ఆవిణ్ణి అడగాలి. ఉక్కునగరం గారూ, ఆదివారం మీ అమ్మాయిని తీసుకుని రండి, కలిసి వెళ్దాం.

ఉక్కునగరం_శ్రోత
ఆదివారం నాకు బి షిఫ్టు. మార్పించుకుంటాను. పదింటికి గాజువాక జంక్షన్‌లో ఉంటాం. క్యాసెట్ ఫైలు ఫోన్‌లో వేసుకుని వస్తున్నాం, ఆవిడకు వినిపించాలి.